షియాన్‌లో మూడు రోజులు: అమ్మానాన్నలతో వెళ్తే ఏం చూడాలి, ఏం వదిలేయాలి?

మీరు అడిగింది ఇదీ: అక్టోబరు ఆఖరి వారంలో బీజింగ్ నుంచి షియాన్ వస్తున్నారు. చేతిలో మూడు రోజులున్నాయి. వెంట అరవై అయిదు దాటిన అమ్మానాన్నలు, నాన్నగారికి మోకాళ్ళ నొప్పి, అందరూ శాకాహారులు. టెర్రకోట సైన్యం, అంటే చక్రవర్తి సమాధి దగ్గర పూడ్చిన మట్టి సైనికుల బొమ్మలు, ఎలాగూ చూస్తారు. అది కాక ఇంకేం చూడాలి, ఏది ఏ రోజు పెట్టుకోవాలి, గైడు కావాలా?

ముందు సూటిగా జవాబు. మూడు రోజులు సరిపోతాయి. రోజుకి ఒక పెద్ద చోటు, ఒక చిన్న చోటు. అంతకు మించి పెట్టుకోకండి. మొదటి రోజు పెద్ద బాతు పగోడా అనే బౌద్ధ గోపురం, రెండో రోజు టెర్రకోట సైన్యం, మూడో రోజు కోట గోడ, దాని లోపలి పాత ఊరు. గైడు టెర్రకోట దగ్గర ఒక్కచోట చాలు. టెర్రకోటని మొదటి రోజే పెట్టేసుకోవద్దని మాత్రం గట్టిగా చెప్తాను. ఎందుకో కింద రాశాను.

నేను ఆ ఊళ్ళో ఏడేళ్ళు ఉన్నాను. దుభాషి పని. యంత్రాలు కొనడానికి వచ్చే మనవాళ్ళకి వారం రోజులు మాట సాయం, శని ఆదివారాల్లో వాళ్ళకీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళకీ ఊరు చూపించడం. టెర్రకోట సైన్యం దగ్గరికే నలభై సార్లకు పైగా వెళ్ళి ఉంటాను. అన్నిసార్లూ చూసింది ఒకటే: నాలుగు రోజుల చోట్లు రెండు రోజుల్లో కుక్కినవాళ్ళకి చివరికి ఫోటోలు తప్ప ఏమీ మిగల్లేదు. తీరిగ్గా నాలుగే చూసినవాళ్ళు ఏళ్ళ తరవాత కూడా ఫోన్ చేసి ఆ మాటే ఎత్తుతారు.

వెళ్ళే ముందు తెలుసుకోవాల్సిన ఒక్క సంగతి: మీరు చూసే ప్రతిదీ ఏ కాలానిదో తెలిసి చూడండి. పదమూడు రాజవంశాలకు రాజధాని అని ప్రతి కరపత్రంలోనూ ఉంటుంది. కానీ ఆ రాజధానులన్నీ ఒకే చోట లేవు. చిన్ వంశం రాజధాని షియాన్యాంగ్ ప్రధానంగా వెయ్ నదికి ఉత్తరాన ఉండేది. హాన్ వంశం కట్టిన చాంగాన్ (షియాన్ పాత పేరు) ఇప్పటి ఊరికి వాయవ్యంగా ఉంది. టాంగ్ చక్రవర్తుల చాంగాన్ ఇప్పటి ఊరి కిందే ఉంది. దాని విస్తీర్ణం సుమారు 84 చదరపు కిలోమీటర్లు, ఆ రోజుల్లో లోకంలోకెల్లా పెద్ద నగరాల్లో ఒకటి. 904లో ఒక సేనాని చక్రవర్తిని బలవంతంగా లువోయాంగ్‌కి తరలించి, చాంగాన్ భవనాలు విప్పించి, ఆ దూలాలన్నీ వెయ్ నదిలో తేలవేసి పంపించేశాడు. అందుకే ఊళ్ళో టాంగ్ కాలపు చెక్క కట్టడం ఒక్కటీ మిగల్లేదు. నిలిచినవి ముఖ్యంగా రెండు ఇటుక పగోడాలు. మీరు ఎక్కబోయే కోట గోడ, గంట గోపురం, నగారా గోపురం ఇవన్నీ ఆ తరవాత నాలుగైదు వందల ఏళ్ళకి వచ్చిన మింగ్ కాలానివి.

ఇది తెలియకపోతే అన్నీ "పాత చైనా కట్టడాలు" అనే ఒక్క ముద్దలా కలిసిపోతాయి. తెలిస్తే మీ అమ్మగారు కూడా రెండో రోజుకే "ఇది మింగ్ వాళ్ళదా?" అని అడుగుతారు. మా అతిథుల్లో చాలామంది పెద్దవాళ్ళు అలాగే అడిగేవారు.

మొదటి రోజు: పెద్ద బాతు పగోడా

దీన్ని ముందు పెట్టడానికి కారణం హుయాన్‌త్సాంగ్. మన బడి పుస్తకాల్లో చదువుకున్న చైనా బౌద్ధ యాత్రికుడే. ఇప్పుడు జువాన్‌జాంగ్ అని రాస్తున్నారు. అనుమతి లేకుండా చాంగాన్ వదిలి, ఎడారులూ కొండలూ దాటి భారతదేశం వచ్చి, 645లో 657 గ్రంథాలతో తిరిగి వెళ్ళాడు. ఆ గ్రంథాలకి నిప్పు భయం లేకుండా దాచడానికి 652లో కట్టించిన పగోడా ఇది. కట్టేటప్పుడు ఆయనే స్వయంగా గంపలో ఇటుకలు మోశాడని ఆయన జీవిత చరిత్రలో రాశారు. ఇప్పుడున్న ఆకారం కొద్ది దశాబ్దాల తరవాత, 701-704 మధ్య మహారాణి వు జతియన్ కాలంలో తిరిగి కట్టినది. ఏడంతస్తులు, 64 మీటర్లు. పక్కనుంచి చూస్తే కొంచెం ఒరిగి కనిపిస్తుంది. అది మీ కంటి దోషం కాదు, నిజంగానే వాయవ్యానికి వంగింది.

మనకి అసలు సంగతి వేరే ఉంది. ఆయన మన నేల మీద తిరిగాడు. ఆంధ్ర దేశానికి రాజధానిగా ఆయన రాసిన ఊరు వేంగి, ఏలూరు దగ్గరి పెదవేగి అంటారు చరిత్రకారులు. అక్కణ్ణుంచి ధాన్యకటకం వచ్చాడు. అది అమరావతి, ధరణికోట ప్రాంతమని చాలామంది లెక్క. అక్కడ సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల దగ్గర కొన్ని నెలలు కూర్చుని మహాసాంఘికులనే బౌద్ధ శాఖవాళ్ళ అభిధర్మం, అంటే తత్వ శాస్త్రం, చదువుకున్నాడు. వాళ్ళు ఆయన దగ్గర మహాయాన శాస్త్రాలు నేర్చుకున్నారు. అంటే కృష్ణ ఒడ్డున కూర్చుని నేర్చుకున్న చదువు కూడా ఆయన వెంట ఈ ఊరిదాకా వచ్చింది.

ఒకసారి గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడకి ఇది చెప్పాను. అప్పటిదాకా కాళ్ళు నొప్పి, ఎండ అంటున్న మనిషి ఒక్కసారి ఆగిపోయి, "మా కృష్ణ నీళ్ళు తాగినాయనేనా?" అన్నారు. గుడి ఆవరణలో అగరొత్తులు వెలిగించే పెద్ద ఇత్తడి పాత్ర దగ్గరికి వెళ్ళి చేతులు జోడించి చాలాసేపు నిలబడ్డారు. నేను ఆ ఊళ్ళో చూసిన అన్నిటిలోకీ నాకు అది ఎక్కువ గుర్తు.

నాన్నగారి మోకాళ్ళ గురించి: పగోడా లోపల పై అంతస్తు దాకా నిటారుగా ఉండే చెక్క మెట్లే. ఎక్కనివ్వకండి. పైనుంచి కనపడేది ఇప్పటి ఊరే, కొత్త మేడలూ రోడ్లూ. కింద దక్షిణ ద్వారానికి అటూ ఇటూ గూళ్ళలో రెండు నల్లరాతి శాసనాలున్నాయి, అవి మాత్రం తప్పక చూడండి. 653లో చు సూయిల్యాంగ్ అనే మహా లేఖకుడి చేతిరాతని చెక్కినవి. హుయాన్‌త్సాంగ్ చేసిన గ్రంథాల అనువాదాల గురించి చక్రవర్తి, యువరాజు రాసిన మాటలవి. అక్షరం రాకపోయినా ఆ గీతల సన్నదనం చూస్తే రాయి మీద చెక్కినట్టు ఉండదు, కుంచెతో ఇప్పుడే రాసినట్టుంటుంది.

సాయంత్రం పగోడా ముందు ఫౌంటెన్లు, దక్షిణాన దీపాల వీధి ఉంటాయి. అన్నీ ఈమధ్య కట్టినవే. జనం విపరీతం. పిల్లలుంటే వెళ్ళమనేదాన్ని. పెద్దవాళ్ళతో అయితే గదికి వెళ్ళి పడుకోండి, రేపు పొద్దున్నే లేవాలి.

రెండో రోజు: టెర్రకోట సైన్యం

ఊరికి తూర్పున దాదాపు నలభై కిలోమీటర్లు, లింతోంగ్ దగ్గర. మెట్రో తొమ్మిదో లైన్‌లో హువాచింగ్‌చీ స్టేషన్‌లో దిగి బస్సు మారొచ్చు. కానీ పెద్దవాళ్ళతో వెళ్తున్నారు కాబట్టి హోటల్ నుంచి యాప్‌లో కారు పెట్టుకోండి. ఏడున్నరకల్లా బయల్దేరాలి.

రైల్వే స్టేషన్ బయట "టెర్రకోట, టెర్రకోట" అని పిలిచే వ్యాన్లు మాత్రం ఎక్కొద్దు. ఒకసారి నేను పనిలో ఉండి, ఇద్దరు అతిథులు వాళ్ళంతట వాళ్ళే వెళ్ళారు. ఎక్కించుకున్న డ్రైవరు తీసుకెళ్ళింది అసలు చోటుకి కాదు. ఒక షెడ్డు, అందులో వరసగా సిమెంటు బొమ్మలు, వాటి పక్కనే పచ్చరాళ్ళ దుకాణం. సాయంత్రం ఫోటోలు చూపిస్తే నా గుండె కలుక్కుమంది. మర్నాడు వాళ్ళ విమానం. అసలుది చూడకుండానే వెళ్ళిపోయారు.

టికెట్టు ముందే ఆన్‌లైన్‌లో, పాస్‌పోర్టు నంబరుతో కొనాలి. నేనున్నప్పుడు 120 యువాన్లు. ఇక్కడ మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఒక చిక్కుంది. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒక గడిలో, మూడు ముక్కల పేరు ఇంకో గడిలో ఉంటాయి. కొన్ని యాప్‌లలో అంత పొడుగు పేరు పట్టదు. మా అతిథి ఒకాయన పిలిచే పేరు ఒక్కటే కొట్టి బుక్ చేశారు. గేటు దగ్గర అది సరిపోలక నలభై నిమిషాలు నిలబడ్డాం. పాస్‌పోర్టులో ఉన్న వరసలోనే, ఉన్న స్పెల్లింగుతోనే పేరు కొట్టండి. పట్టకపోతే హోటల్‌వాళ్ళ చేత బుక్ చేయించండి. అసలు పాస్‌పోర్టులే పట్టుకెళ్ళాలి, నకళ్ళు చెల్లవు.

లోపల మూడు గుంటలున్నాయి. గుంపులన్నీ తిన్నగా ఒకటో గుంటకి పరిగెడతాయి. మీరు రెండో గుంటతో మొదలుపెట్టండి. అక్కడ నేల ఎక్కువభాగం తవ్వకుండానే ఉంది, అందుకని జనం "ఏముంది ఇక్కడ" అని వెళ్ళిపోతారు. కానీ గోడ వార గాజు పెట్టెల్లో కొన్ని బొమ్మలు మనకి చేతికందేంత దగ్గరలో ఉంటాయి. వాటిలో మోకాలి మీద కూర్చున్న విలుకాడి వెనక్కి వెళ్ళి, వంగి అతని చెప్పు అడుగు చూడండి. దారంతో కుట్టిన కుట్లు చుక్కలు చుక్కలుగా ఉంటాయి. మునివేళ్ళ కింద, మడమ కింద దట్టంగా, మధ్యలో పలచగా. నిజం చెప్పులో ఎక్కడ అరుగుతుందో అక్కడే కుట్లు దగ్గరగా వేశారు. భూమిలో పూడ్చేసే బొమ్మ, ఎవరూ తిప్పి చూడని అరికాలు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఆ కుమ్మరి అంత శ్రద్ధ పెట్టాడు. నాన్నగారు వంగలేకపోతే ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసి చూపించండి.

తరవాత మూడో గుంట, చిన్నది, సేనాధిపతుల స్థావరం అంటారు. పదిహేను నిమిషాలు చాలు. చివర్న ఒకటో గుంట. 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు. విల్లంబులు పట్టే వరస, రథాలు, వెనక పదాతులు. మూడు గుంటల్లో కలిపి దాదాపు ఎనిమిది వేల బొమ్మలుంటాయని అంచనా, చాలావరకు ఇంకా మట్టిలోనే ఉన్నాయి. ముందు వైపు ఫోటోల తోపులాటలో ఎక్కువసేపు నిలబడకుండా పక్క దారి పట్టుకుని వెనక చివరికి నడవండి. అక్కడ పురావస్తువాళ్ళు ముక్కలు అతికిస్తూ ఉంటారు. తల లేని మొండేలు, ప్లాస్టిక్ కాగితం చుట్టిన భుజాలు, నంబర్లు రాసిన చీటీలు. 1974లో బావి తవ్వుతున్న రైతుల గునపాలకి తగిలింది ఇలాంటి ముక్కలే. నిలబడి ఉన్న ప్రతి సైనికుడూ ఒకప్పుడు ఇలా పెంకుల కుప్పే. పైకప్పు దూలాలు కాలి కూలి మీద పడ్డాయి. వరసల మధ్య మట్టి గోడల పైఅంచు అలలు అలలుగా కనిపిస్తుంది చూడండి, అది ఆ దూలాల బరువుకి పడిన అచ్చు.

రంగుల గురించి అందరూ అడుగుతారు. ఈ బొమ్మలన్నీ రంగులు వేసినవే, ఎరుపు, ఆకుపచ్చ, ఊదా. రంగు కింద లక్క పూత ఉంది. తవ్వి బయటికి తీయగానే ఆ లక్క గాలికి ఎండి, నిమిషాల్లో పెచ్చులుగా లేచి రంగుతో సహా ఊడిపోయేది. మిగతావాటిని తొందరపడి తవ్వకపోవడానికి ఇదొక పెద్ద కారణం. చక్రవర్తి చిన్ షి హువాంగ్ అసలు సమాధి కూడా తెరవలేదు. గుంటలకి పడమరగా ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలో చెట్లు కమ్మిన దిబ్బ, అదే. మీ టికెట్టుతోనే ఉచిత బస్సులో అక్కడికి వెళ్ళొచ్చు. ఇప్పుడు కంచు రథాలు కూడా అటువైపు మ్యూజియంలోనే ఉన్నాయి. 1980లో దొరికినవి, అసలు రథంలో సగం కొలత. గొడుగు, కళ్ళేలు, కిటికీ తలుపులతో సహా అన్నీ లోహంలో చేశారు. నడక ఓపిక ఉంటే తప్పక చూడండి. నాన్నగారు అలిసిపోతే దిబ్బ వదిలేసి రథాలు మాత్రం చూడండి.

గైడు ఇక్కడ ఎందుకంటే, లోపల రాసిపెట్టింది తక్కువ, చూడాల్సింది ఎక్కువ. ఇంగ్లీషు మాట్లాడే అధికారిక గైడు గేటు లోపలి కౌంటరులో దొరుకుతారు, బయట పట్టుకునేవాళ్ళని నమ్మొద్దు. గేటు నుంచి గుంటల దాకా బ్యాటరీ బండి ఉంటుంది, నాన్నగారికి అది తీసుకోండి. బయటికొచ్చే దారి పొడుగునా దుకాణాలే, ఆ నడక కూడా లెక్కలో పెట్టుకోండి.

టెర్రకోటని మొదటి రోజు వద్దన్నది ఇందుకే. ఇది పూర్తి రోజు నడక. ప్రయాణం బడలికతో వస్తే ఒకటో గుంట చూసి కూలబడిపోతారు. పైగా అంత పెద్దది ముందు చూసేస్తే తరవాత చూసేవన్నీ చప్పగా అనిపిస్తాయి. దారిలోనే హువాచింగ్ ప్యాలెస్ ఉంది, టాంగ్ చక్రవర్తి, అతని ప్రియురాలు యాంగ్ గుయ్‌ఫెయ్ స్నానాల కొలనులు. 1936 డిసెంబరులో అప్పటి చైనా నాయకుడు చియాంగ్ కై షేక్‌ని సొంత సేనానులే పట్టుకున్నదీ అక్కడే. చరిత్ర గొప్పది, కానీ మీ మూడు రోజుల్లో దానికి చోటు లేదు. వదిలేయండి. తిరిగొచ్చేటప్పుడు రోడ్డు పక్క లింతోంగ్ దానిమ్మకాయలు అమ్ముతుంటారు, ఆ నెలలో బాగుంటాయి. కారు ఆపి కొనుక్కోండి.

మూడో రోజు: గోడ, రాళ్ళు, మసీదు

కోట గోడ దక్షిణ ద్వారం నుంచి ఎక్కండి. 1370లలో కట్టారు, 13.7 కిలోమీటర్ల చుట్టుకొలత, 12 మీటర్ల ఎత్తు. పైన రెండు లారీలు పక్కపక్కన పోయేంత వెడల్పు. లోపలంతా దంచి గట్టిపరిచిన మట్టి, పై ఇటుక తాపడం 1568లో వేశారు. ప్రతి 120 మీటర్లకి గోడ నుంచి ఒక బురుజు బయటికి పొడుచుకొస్తుంది. రెండు బురుజుల మధ్య ఏ చోటైనా ఏదో ఒక దాన్నించి 60 మీటర్ల లోపే ఉంటుంది. అది బాణం తగిలే దూరం. పైన నిలబడి ఆ లెక్క వేసి చూస్తే గోడ మొత్తం అర్థమవుతుంది. మీరు సైకిలు తొక్కండి, అమ్మానాన్నలకి పైన తిరిగే బ్యాటరీ బండి. ఎక్కేటప్పుడు మెట్లు ఒక్కసారే, మధ్యలో ఆగి ఆగి ఎక్కించండి.

దిగి పది నిమిషాలు నడిస్తే శిలావనం మ్యూజియం. నాకు ఆ ఊళ్ళో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. 837లో పన్నెండు ప్రాచీన గ్రంథాలని మొత్తం 114 పలకల మీద రెండు వైపులా చెక్కించారు. నకళ్ళు రాసేవాళ్ళు తప్పులు చేయకుండా, సరిచూసుకోవడానికి. అంటే అది రాతి మీది లైబ్రరీ. 781 నాటి ఇంకో శాసనం తాబేలు వీపు మీద నిలబడి ఉంటుంది. సిరియా నుంచి వచ్చిన క్రైస్తవం చాంగాన్‌లో ఎలా నిలిచిందో చెప్తుంది. దాని కింది భాగంలో చైనా అక్షరాల పక్కనే సిరియాక్ లిపి కనిపిస్తుంది. అదృష్టం బాగుంటే ఒక గదిలో అచ్చు తీస్తూ ఉంటారు. తడి కాగితం రాతికి అంటించి, సిరా అద్దిన గుడ్డ మూటతో టపటపా తడుతుంటే నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే లేస్తాయి. ఆ సిరా వాసన గది నిండా ఉంటుంది. అమ్మానాన్నలని అక్కడ కాసేపు కూర్చోబెట్టండి.

మధ్యాహ్నం నగారా గోపురం వెనక ముస్లిం వీధి. జనంలోంచి సందులోకి తిరిగితే పెద్ద మసీదు. గుమ్మటం లేదు, పెంకుల కప్పులు, మండపాలు, తోటలు. చైనా గుడిలాగే ఉంటుంది, కానీ పడమర ముఖంగా. ప్రార్థనా మందిరంలోకి ముస్లింలు కానివాళ్ళకి ప్రవేశం లేదు. వాకిళ్ళలో చెట్ల కింద కూర్చోవడానికే వెళ్ళాలి.

తిండి. ఈ ఊరు గోధుమ, కారం, వెనిగర్‌ల ఊరు. మనకి నచ్చుతుంది. వెడల్పాటి నూడుల్స్ మీద కారప్పొడి, వెల్లుల్లి పోసి, దాని మీద సలసల కాగే నూనె చుయ్యిమని పోస్తారు. యోపో మియన్ అంటారు. మన ఇంట్లో తిరగమోత వేసిన వాసనే వస్తుంది. ల్యాంగ్‌పీ అనే చల్లటి నూడుల్స్ కూడా మాంసం లేనివే. అయితే "కూరగాయల" నూడుల్స్ అన్నా మాంసం పులుసులో వేస్తారు, పైన ఖీమా చల్లుతారు. మాంసం, మాంసం పులుసు, చేప, గుడ్డు వద్దని ఫోన్‌లో చైనా భాషలో రాయించి పెట్టుకుని చూపించండి. నోటితో చెప్తే సరిపోదు. బౌద్ధ ఆలయాల దగ్గరి శాకాహార హోటళ్ళలో నిశ్చింతగా తినొచ్చు, కానీ అక్కడ మాంసంలా కనిపించేది వడ్డిస్తారు. అది సోయానో గోధుమ ముద్దో అని అమ్మగారికి ముందే చెప్పండి, లేకపోతే కంగారుపడతారు.

ఇంకొన్ని. షాన్‌షీ చరిత్ర మ్యూజియం అద్భుతం, ప్రవేశం ఉచితం, అందుకే టికెట్లు కొన్ని రోజుల ముందు విడుదలైన నిమిషాల్లో అయిపోతాయి. సోమవారం సెలవు. దొరికితే మొదటి రోజు పొద్దున పెట్టుకోండి. దొరక్కపోతే బాధపడక చిన్న బాతు పగోడా పక్కనున్న షియాన్ మ్యూజియంకి వెళ్ళండి. ఫోన్‌లో చెల్లింపు యాప్ ఇండియాలోనే పెట్టుకుని కార్డు కలపండి, కార్డుకి విదేశీ వాడకం తెరిపించండి. ఇండియా సిమ్ రోమింగ్‌తో వెళ్తే వాట్సాప్ మామూలుగా పనిచేస్తుంది, అక్కడి వైఫైలో పనిచేయదు. అక్టోబరు మొదటి వారం జాతీయ సెలవులు, మీరు ఆఖరి వారం ఎంచుకోవడం చాలా మంచి పని.

మూడో రోజు రైలు రాత్రికైతే, ఇంకా ఓపిక మిగిలితే, మసీదు మానేసి ఒక చోటుకి వెళ్ళమంటాను. ఊరికి ఆగ్నేయంగా ఇరవై కిలోమీటర్లలో షింగ్‌జియావ్ గుడి ఉంది. హుయాన్‌త్సాంగ్ అస్థికలు అక్కడే ఉన్నాయి. అయిదంతస్తుల ఇటుక స్తూపం, దాని అటూ ఇటూ ఇద్దరు శిష్యుల చిన్న స్తూపాలు. ఒకరు కుయ్‌జీ, ఇంకొకరు కొరియా నుంచి వచ్చిన వాన్‌చుక్. ఎదురుగా పొలాలు, దూరంగా చిన్‌లింగ్ కొండలు. నేను వెళ్ళినప్పుడల్లా నలుగురైదుగురికి మించి లేరు. వెళ్ళిన కారునే ఆపి ఉంచుకోండి, తిరుగు కారు అక్కడ దొరకదు.